ఓడిపోతున్న కాలేజీ టీమ్‌ని అనంతపురంలో కూర్చుని ఫాలో అవ్వడం ఎలా

అనంతపురంలో ఫుట్‌బాల్ అంటే ఎవరికైనా ముందు గుర్తొచ్చేది ఆర్డీటీ గ్రౌండే. నేను చెప్పేది ఆ ఫుట్‌బాల్ గురించి కాదు. హెల్మెట్లు పెట్టుకుని, భుజాలకి ప్యాడ్లు కట్టుకుని, రెండు కొసలూ మొనదేలిన బంతిని చేత్తో పట్టుకుని ఒకరి మీద ఒకరు పడే అమెరికా ఫుట్‌బాల్, అందులోనూ కాలేజీలది. ఎంఎస్‌కని పోయి రెండేళ్లు అక్కడ ఉండి, స్టూడెంట్ టికెట్‌తో స్టేడియంలో నిలబడి అరిచి, తిరిగి ఇంటికొచ్చేసినా ఆ పిచ్చి వదలనివాళ్లు మన ఊళ్లో కొంతమంది ఉన్నారు. కొడుకో కూతురో అక్కడ చదువుతుంటే ఆ రంగు టీషర్టు వేసుకుని తిరిగే నాయనలు కూడా ఉన్నారు. ఇది వాళ్ల కోసం. అందులోనూ టీమ్ బాగా ఆడుతున్నవాళ్లకి ఈ గైడ్ అక్కర్లేదు. కొత్త కోచ్ వచ్చి, పాతవాళ్లు సగం మంది వెళ్లిపోయి, "ఈ ఏడాది రీబిల్డింగ్" అనే మాట రోజూ వినాల్సి వస్తున్నవాళ్లకి మాత్రమే.

(ఆర్లింగ్టన్‌లోని టెక్సాస్ యూనివర్సిటీలో చదివినవాళ్లకు అసలు ఈ బాధే లేదు, 1985 సీజన్ తర్వాత వాళ్లు ఫుట్‌బాల్ టీమే ఎత్తేశారు. అదృష్టవంతులు.)

నా యూనివర్సిటీ పేరు చెప్పను. ఉన్న పరువు చాలు.

ముందు నిద్ర సంగతి

టీమ్ ఓడిపోవడం ఒక బాధ అయితే, దానికోసం నిద్ర పాడుచేసుకుని ఓడిపోవడం చూడటం రెండో బాధ. మొదటిది మన చేతిలో లేదు, రెండోది ఉంది. కాలేజీ మ్యాచ్‌లు ఎక్కువగా శనివారమే. అమెరికా తూర్పు టైమ్‌లో మధ్యాహ్నం 12కి మొదలైతే మనకి శనివారం రాత్రి 9:30. మధ్యాహ్నం 3:30ది అయితే రాత్రి 1 గంట. సాయంత్రం 7:30ది ఆదివారం తెల్లవారి 5 గంటలకి. నవంబర్ మొదటి ఆదివారం వాళ్లు గడియారాలు ఒక గంట వెనక్కి తిప్పుతారు కాబట్టి ఆ తర్వాత మనకి అన్నీ ఇంకో గంట ఆలస్యం. మ్యాచ్ అయ్యేసరికి సుమారు మూడున్నర గంటలు, మధ్యలో యాడ్‌లే యాడ్‌లు.

నా పద్ధతి ఇది. 9:30 మ్యాచ్ చూడండి, కానీ మూడో క్వార్టర్ అయ్యేసరికి 20 పాయింట్లు వెనకబడి ఉంటే మొహమాటం లేకుండా టీవీ కట్టేసి పడుకోండి. 5 గంటల మ్యాచ్ అన్నిటికంటే మంచిది. లేచి, టీ పెట్టుకుని, ఇంట్లో ఎవరూ లేవకముందే చూసేయొచ్చు, అయ్యేసరికి ఎనిమిదిన్నర, బయటికి పోయి వేడివేడి ఉగ్గాని బజ్జీ తెచ్చుకుంటే ఓడినా ఆదివారం పూర్తిగా పాడవదు. ఒంటిగంట మ్యాచ్ మాత్రం రీబిల్డింగ్ సీజన్‌లో లైవ్ చూడకండి. గెలిచే టీమ్ అయితే మేలుకోవచ్చు. నాలుగున్నరకి ఓటమి చూసి పడుకుంటే నిద్ర రాదు, లేస్తే తలనొప్పి, ఆ మీదట మటన్ తేవడానికి పొమ్మంటే ఇంట్లోవాళ్ల మీద విసుక్కుంటారు. వాళ్లేం చేశారు పాపం.

పొద్దున లేచి రికార్డింగ్ చూసేవాళ్లకి ఒక సలహా, కొంతమందికి నచ్చదు. ముందు స్కోరు చూసుకోండి. స్కోరు తెలియకుండా చూస్తేనే మజా అనేది గెలిచే టీమ్‌ల వాళ్ల సిద్ధాంతం. స్కోరు తెలిసి చూస్తే గుండె దడ ఉండదు, కళ్లు ఆట మీద ఉంటాయి, ఎవడు ఎక్కడ తప్పు చేశాడో అప్పుడే కనపడుతుంది. 40 తేడాతో ఓడిపోతే మొదటి సగం చూసి ఆపేయండి, ఎందుకంటే రెండో సగంలో రెండువైపులా బెంచ్ మీదవాళ్లే ఆడుతుంటారు. మీ టీమ్‌లో కుర్రవాళ్లకి అవకాశం వచ్చిందా అని చూడాలనుకుంటే మాత్రం ఆ రెండో సగమే చూడండి.

ఒహాయో, మిషిగన్ వైపు చిన్న యూనివర్సిటీల్లో చదివినవాళ్లకి ఇంకో చిక్కుంది. అక్కడి మిడ్ అమెరికన్ కాన్ఫరెన్స్ (తమలో తాము ఆడుకునే టీమ్‌ల గుంపుని కాన్ఫరెన్స్ అంటారు) టీమ్‌లు నవంబర్ వచ్చేసరికి టీవీ కోసం మంగళ, బుధవారాల రాత్రి ఆడతాయి. అంటే మనకి బుధ, గురువారాల పొద్దున. ఆఫీసు ఉన్న రోజు. లాగిన్ అయ్యి మీటింగులో మ్యూట్ పెట్టుకుని చూసేవాళ్ల గురించి నేనేమీ అనను.

ఆగస్టులోనే పన్నెండు మ్యాచ్‌లనీ మూడు కుప్పలు చేయండి

రెగ్యులర్ సీజన్‌లో 12 మ్యాచ్‌లు. ఆరు గెలిస్తే బౌల్ మ్యాచ్‌కి, అంటే రెగ్యులర్ సీజన్ అయ్యాక ఆడే అదనపు మ్యాచ్‌కి, అర్హత. రీబిల్డింగ్ టీమ్‌కి ఆ ఆరు అనే అంకె మీదే టెన్షన్ అంతా. కాబట్టి షెడ్యూల్ రాగానే ఒక కాగితం తీసుకుని రాయండి: ఖచ్చితంగా ఓడిపోయేవి, ఖచ్చితంగా గెలవాల్సినవి, ఎటైనా పోయేవి.

మొదటి కుప్ప రాయడానికి మనసొప్పదు, అయినా రాయాలి. చిన్న యూనివర్సిటీలు సెప్టెంబర్‌లో పెద్ద టీమ్‌ల గ్రౌండ్‌కి పోయి ఆడేది గెలవడానికి కాదు, డబ్బు కోసం. ఒక్క మ్యాచ్‌కి పది లక్షల డాలర్ల పైన కూడా ఇస్తారు, ఆ డబ్బుతో కాలేజీ మిగతా ఆటలు నడుస్తాయి. మనవాళ్లు చాలామంది చదివిన కెంట్ స్టేట్ సంగతే చూడండి. 2024 సెప్టెంబర్‌లో టెనసీ మీద 71-0తో ఓడింది, మరుసటి వారం పెన్ స్టేట్ మీద 56-0. ఈ రెండూ చూసి బాధపడటంలో అర్థం లేదు, అవి కూలి మ్యాచ్‌లు. కానీ అదే సీజన్‌లో కెంట్ స్టేట్ సెయింట్ ఫ్రాన్సిస్ అనే కింది డివిజన్ టీమ్ మీద కూడా సొంత గ్రౌండ్‌లో 23-17తో ఓడింది. అసలు బాధపడాల్సింది దానికి. ఆ ఏడాది వాళ్లు 0-12, అంటే గెలుపులు సున్నా, ఓటములు పన్నెండు. 71 పాయింట్ల తేడా చూసి ఏడ్చినవాళ్లు, ఆరు పాయింట్ల తేడా దగ్గర ఏడవాల్సింది.

రెండో కుప్ప, గెలవాల్సినవి, మూడో నాలుగో ఉంటాయి. ఇవి గెలిచినప్పుడు ఎగరకండి, ఓడితే మాత్రం కోపం తెచ్చుకునే హక్కు మీకు పూర్తిగా ఉంది.

మిగిలిన ఐదారు మ్యాచ్‌లు ఎటైనా పోయేవి. సీజన్ అంటే నిజానికి ఇవే. మీ టెన్షన్, మీ నిద్ర, మీ అరుపులు అన్నీ వీటికోసం దాచుకోండి. పెళ్లి పిలుపు వచ్చినప్పుడు కూడా ఈ కాగితమే పనికొస్తుంది. మొదటి కుప్ప మ్యాచ్ ఉన్న రాత్రి ధర్మవరంలో రిసెప్షన్ ఉంటే హాయిగా పోయి భోంచేసి రండి.

ఇంకొకటి: ఆ కాగితం మీద ఎన్ని గెలుపులు అనేది కూడా ఆగస్టులోనే రాసి, తేదీ వేయండి. మధ్యలో పెంచొద్దు. 2023లో కొలరాడో మొదటి మూడు మ్యాచ్‌లూ గెలిచింది, వాళ్ల కోచ్ డియాన్ శాండర్స్ పేరు దేశమంతా మోగిపోయింది, చివరికి 4-8. అంతకుముందు ఏడాది 1-11 నుంచి చూస్తే అది మెరుగే. కానీ సెప్టెంబర్‌లో ఆశలు ఆకాశానికి పోయినవాళ్లకి నవంబర్‌లో అదే 4-8 ద్రోహంలా కనపడింది.

మ్యాచ్ చూసేటప్పుడు బంతి వెంట పోవద్దు

ఇది అసలు సంగతి, కొంచెం ఓపికగా చదవండి. టీవీలో కెమెరా బంతి వెంటే పోతుంది, మన కళ్లూ అటే పోతాయి, దాంతో క్వార్టర్‌బ్యాక్, అంటే బంతి విసిరి ఆట నడిపేవాడు, బంతి పోగొట్టుకోగానే వాణ్ని తిడతాం. పడిపోయిన టీమ్ లేస్తోందా లేదా అనేది మాత్రం బంతి లేనిచోట తెలుస్తుంది.

ముందు ఆఫెన్సివ్ లైన్ చూడండి. క్వార్టర్‌బ్యాక్ ముందు గోడలా నిలబడే ఐదుగురు భారీ మనుషులు వాళ్లు. వీళ్లు ఎదుటివాళ్లని మూడు సెకన్లు ఆపగలిగితే మామూలు క్వార్టర్‌బ్యాక్ కూడా బాగానే కనపడతాడు, ఆపలేకపోతే ఎంత మొనగాడైనా పరిగెత్తుకుంటూ బంతి విసిరి చేతులెత్తేస్తాడు. కుదేలైన టీమ్‌లో చివరగా బాగుపడేది ఈ లైనే, ఎందుకంటే ఐదుగురూ కలిసి ఆడటం అలవాటవ్వాలి, ఒళ్లు పెరగాలి, పద్దెనిమిదేళ్ల కుర్రాడు వచ్చిన ఏడాదే ఇక్కడ ఇరవై మూడేళ్లవాణ్ని ఆపలేడు. సెప్టెంబర్‌లో ఆడిన ఐదుగురే నవంబర్‌లోనూ ఆడుతున్నారా, లేక వారానికొకణ్ని మారుస్తున్నారా, ఇది గమనించండి. మారుస్తూనే ఉంటే ఈ సీజన్ మీద ఆశ పెట్టుకోకండి.

తర్వాత పెనాల్టీలు. అన్నీ కాదు. బంతి కదలకముందే కదిలినందుకు పడే ఐదు గజాల పెనాల్టీ, గ్రౌండ్‌లో పన్నెండో మనిషి ఉన్నందుకు పడేది, పదిమందే ఉన్నారని కంగారుపడి టైమవుట్ తీసుకోవడం, ఇవి ఆటగాడి సత్తాకి సంబంధించినవి కావు, ప్రాక్టీసుకి సంబంధించినవి. మొదటి రెండు మ్యాచ్‌లలో ఇవి ఉంటే సరే, కొత్త కోచ్, కొత్త పద్ధతి. అక్టోబర్ చివర కూడా సొంత గ్రౌండ్‌లో ఇవే జరుగుతుంటే ఆ కోచ్ చెప్పేది పిల్లలు వినట్లేదు, లేదా అతను చెప్పట్లేదు.

మూడోది థర్డ్ డౌన్. నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు పోవాలి కదా, నాలుగోసారి ఎక్కువగా బంతిని అవతలికి తన్నేస్తారు, కాబట్టి మూడోదే పరీక్ష. ఇక్కడ గెలిచారా ఓడారా అని కాకుండా ఎంత దూరం మిగిలి ఉందో చూడండి. ప్రతిసారీ మూడో ప్రయత్నంలో ఎనిమిది, తొమ్మిది గజాలు మిగులుతుంటే లోపం మొదటి రెండు ప్రయత్నాల్లో ఉంది. రెండు, మూడు గజాలే మిగులుతూ కూడా కొట్టలేకపోతున్నారంటే టీమ్ దగ్గరకొచ్చింది, కొంచెం ఓపిక పట్టొచ్చు.

ఫంబుల్స్ గురించి మాత్రం తల పగలగొట్టుకోకండి. కిందపడ్డ బంతి ఎవరికి దొరుకుతుందనేది చాలావరకు అదృష్టమే, ఆ బంతి ఆకారమే అలాంటిది, ఎటు ఎగురుతుందో దానికే తెలియదు. ఒక సీజన్ అంతా అది మీకు దొరక్కపోతే వచ్చే సీజన్ దొరుకుతుందని అనుకోవచ్చు.

కొద్ది తేడాతో ఓడిపోవడం గురించి ఇంకొంచెం చెప్పాలి, ఎందుకంటే అభిమానులు తమని తాము మోసం చేసుకునేది ఎక్కువగా ఇక్కడే. 2021లో నెబ్రాస్కా 3-9. ఆ తొమ్మిది ఓటముల్లో ఒక్కటి కూడా తొమ్మిది పాయింట్లు దాటలేదు. సీజన్ మొత్తం పాయింట్లు కలిపితే ప్రత్యర్థులందరి కంటే నెబ్రాస్కావే ఎక్కువ! లెక్క ప్రకారం చూస్తే ఇది దురదృష్టం, వచ్చే ఏడాది తిరగబడాలి. అభిమానులూ అలాగే అనుకున్నారు. 2022లో మూడో మ్యాచ్‌లో జార్జియా సదరన్ మీద 45-42తో సొంత గ్రౌండ్‌లో ఓడిపోగానే కోచ్ స్కాట్ ఫ్రాస్ట్‌ని తీసేశారు, ఆ ఏడాది 4-8తో ముగిసింది. కొద్ది తేడాతో ఒకటి రెండు ఓడితే దురదృష్టం. నాలుగేళ్లుగా అలాగే ఓడుతుంటే దాన్ని అదృష్టం ఖాతాలో వేయడం కుదరదు, చివరి ఐదు నిమిషాల్లో ఏం చేయాలో ఆ టీమ్‌కి తెలియట్లేదు అంతే.

ఇక కొత్త కుర్రాళ్లు. 2018లో తెచ్చిన రూల్ ప్రకారం ఒక ఆటగాడు నాలుగు మ్యాచ్‌ల వరకు ఆడినా అతనికి కాలేజీలో ఆడటానికి ఉండే ఏళ్లలో ఒకటి ఖర్చవదు. కాబట్టి నవంబర్‌లో, సీజన్ పోయిందని తేలాక, మంచి కోచ్ ఆ నాలుగు మ్యాచ్‌లనీ కుర్రాళ్లకి ఇస్తాడు. అప్పుడు తెలియని నంబర్ ఒకటి గ్రౌండ్‌లో కనపడితే ఫోన్‌లో రోస్టర్ తీసి ఎవరో చూడండి. ఓడిపోయే సీజన్‌లో ఆనందం దొరికే చోటు ఏదైనా ఉందంటే నా దృష్టిలో ఇదే, రెండేళ్ల తర్వాత అందరూ పొగిడేవాణ్ని ముందే మనం గుర్తుపట్టడం.

నిజంగా కడుతున్నారా, కడుతున్నామని చెప్తున్నారా

పాతరోజుల్లో టీమ్ కట్టడం అంటే మన దగ్గర చీనీ తోట పెట్టడమే. హైస్కూల్ నుంచి కుర్రాళ్లని తెచ్చి నాటుకుని, నాలుగైదేళ్లు నీళ్లు పోసి, కాపుకి వచ్చేదాకా కాచుకోవాలి, మధ్యలో అడిగితే "ఇంకా చెట్లు చిన్నవే కదప్పా" అనొచ్చు. ఇప్పుడు ఆ మాట చెల్లదు. 2018 అక్టోబర్‌లో ట్రాన్స్‌ఫర్ పోర్టల్ వచ్చింది, కాలేజీ మారాలనుకునే ఆటగాళ్లు పేరు పెట్టుకునే జాబితా అది. 2021లో ఒకసారి కాలేజీ మారితే ఏడాది ఖాళీగా కూర్చోవాల్సిన పనిలేకుండా చేశారు, అదే ఏడాది జులై నుంచి ఆటగాళ్లు తమ పేరు, ఫొటో మీద డబ్బు సంపాదించుకోవచ్చన్నారు. 2024లో ఎన్నిసార్లైనా మారొచ్చన్నారు. 2025లో కోర్టు సెటిల్‌మెంట్ తర్వాత యూనివర్సిటీలే ఆటగాళ్లకి నేరుగా డబ్బు ఇవ్వొచ్చు, మొదటి ఏడాదికి ఒక్కో యూనివర్సిటీకి పరిమితి సుమారు 2.05 కోట్ల డాలర్లు. అంటే ఇప్పుడు కాపుకొచ్చిన చెట్టునే వేర్లతో సహా కొనుక్కొచ్చి పెట్టుకోవచ్చు.

దానికి సాక్ష్యం కావాలంటే ఇండియానా. ఆ యూనివర్సిటీ ఫుట్‌బాల్‌లో ఓటములకి పెట్టింది పేరు. 2023లో 3-9. కర్ట్ సిగ్నెటీ అనే కోచ్ వచ్చాడు, తన పాత కాలేజీ జేమ్స్ మాడిసన్ నుంచి పదిమందికి పైగా ఆటగాళ్లని వెంట తెచ్చుకున్నాడు, 2024లో 11-2, ఆ తర్వాతి సీజన్‌లో ఒక్కటీ ఓడకుండా 16-0తో జాతీయ ఛాంపియన్. అరిజోనా స్టేట్ కూడా చూడండి, మనవాళ్లకి బాగా తెలిసిన యూనివర్సిటీ. 2022లో 3-9, 2023లో కొత్త కోచ్ కెన్నీ డిలింగ్‌హామ్ కింద మళ్లీ 3-9. 2024 సీజన్ ముందు వాళ్లున్న బిగ్ 12 కాన్ఫరెన్స్ మీద విలేకరుల అంచనాల్లో పదహారు టీమ్‌లలో పదహారో స్థానం ఇచ్చారు. ఆ ఏడాది బిగ్ 12 టైటిల్ వాళ్లదే. ప్లేఆఫ్‌లో టెక్సాస్‌ని రెండు ఓవర్‌టైమ్‌ల దాకా లాగి 39-31తో ఓడారు.

కాబట్టి నా లెక్క: కొత్త కోచ్‌కి మొదటి ఏడాది ఏమీ అడగొద్దు. రెండో ఏడాది గెలుపులు పెరగకపోయినా పైన చెప్పిన లైన్, పెనాల్టీలు, థర్డ్ డౌన్, వీటిలో తేడా కనపడాలి. మూడో ఏడాది కూడా ప్రెస్‌మీట్‌లో "ఇది ప్రాసెస్" అంటుంటే అది సాకు. దీనికి ఒక్క మినహాయింపు ఉంది, డబ్బు. ఇండియానా, అరిజోనా స్టేట్ పెద్ద కాన్ఫరెన్స్‌లలో ఉన్నాయి, టీవీ డబ్బు వస్తుంది. చిన్న కాన్ఫరెన్స్ టీమ్ అయితే మీరు రెండేళ్లు పెంచినవాణ్ని మూడో ఏడాది పెద్ద టీమ్ ఎగరేసుకుపోతుంది, అప్పుడు కోచ్‌ని తిట్టి ఏం లాభం? అలాంటి టీమ్‌ని చూసేటప్పుడు నేను ఇంకో ఏడాది కలుపుతాను. ఈ పోర్టల్ పైకే కాదు కిందికీ తోస్తుందని కూడా గుర్తుంచుకోండి. ఫ్లోరిడా స్టేట్ 2023లో 13-1, 2024లో 2-10. మధ్యలో కోచ్ కూడా మారలేదు.

"కోచ్‌ని పీకేయండి" అని అరిచేముందు బయౌట్ ఎంతో చూడండి. కాంట్రాక్ట్ మధ్యలో తీసేస్తే మిగిలిన డబ్బు కట్టాలి. 2023 నవంబర్‌లో టెక్సాస్ ఏ అండ్ ఎం జింబో ఫిషర్‌ని తీసేసినందుకు ఇవ్వాల్సి వచ్చింది 7.5 కోట్ల డాలర్లకు పైనే, మన రూపాయల్లో 600 కోట్లు దాటుతుంది. పని మానేసినందుకు! మీ యూనివర్సిటీ ఆ స్తోమత ఉన్నది కాకపోతే అరిచినా అరవకపోయినా వచ్చే ఏడాది కూడా అతనే. ఇంకోటి, ఒక్క చెత్త ఓటమి చూసి తీర్పు చెప్పకండి. 2007లో నిక్ సేబన్ అలబామాకి కోచ్‌గా వచ్చిన మొదటి ఏడాది లూసియానా మన్రో అనే చిన్న టీమ్ మీద సొంత గ్రౌండ్‌లో 21-14తో ఓడాడు. 2009లో అదే అలబామా 14-0.

తిట్టడానికీ ఒక పద్ధతుంది

తిట్టండి. ఓడిపోయే టీమ్‌ని ప్రేమించేవాడు తిట్టకపోతే కడుపు ఉబ్బుతుంది. కోచ్‌ని తిట్టండి, అథ్లెటిక్ డైరెక్టర్‌ని తిట్టండి, కోట్లు తీసుకుంటున్నారు, పడతారు. ఆటగాళ్ల జోలికి మాత్రం పోవద్దు. పంతొమ్మిదేళ్ల కుర్రాడి ఇన్‌స్టాగ్రామ్ కింద పోయి మెసేజ్‌లు పెట్టేవాళ్లలో మనవాళ్ల పేర్లు కూడా కనపడుతుంటాయి, చూస్తే సిగ్గేస్తుంది. వాడికి డబ్బులొస్తున్నాయి కదా అంటారు. వచ్చేది పేరున్న కొంతమందికి, ఫీల్డ్ గోల్ మిస్సయిన కిక్కర్‌కి అంత ఏమీ రాదు.

బెట్టింగ్ సంగతి వేరే చెప్పాలా? ఆటగాళ్లకి వచ్చే బెదిరింపుల్లో బెట్టింగ్‌లో డబ్బు పోగొట్టుకున్నవాళ్లవి చాలా ఉంటున్నాయని, అందుకే కాలేజీ ఆటగాళ్ల మీద వ్యక్తిగత పందేలు ఆపేయాలని కాలేజీ ఆటలని నడిపే సంస్థ ఎన్‌సీఏఏ అధ్యక్షుడు చార్లీ బేకరే రాష్ట్రాలని అడిగాడు. మన దగ్గర అసలు చట్టమే ఒప్పుకోదు. ఆంధ్రప్రదేశ్ 2020లోనే ఆన్‌లైన్ పందేలు నిషేధించింది, 2025 ఆగస్టులో కేంద్రం డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ నిషేధిస్తూ చట్టం తెచ్చింది. ఏ యాప్‌లోనో, ఏ టెలిగ్రామ్ గ్రూపులోనో మీ టీమ్ మీద డబ్బు పెట్టమని ఎవడైనా పిలిస్తే బ్లాక్ చేయండి. మీ టీమ్ ఓడిపోతుంది కూడా, అది మీకు తెలుసు.

ఇంట్లోవాళ్లు, బావలు

పొద్దున హాల్లోకి రాగానే నాయన అడుగుతాడు, "ఏమప్పా, మీవాళ్లు ఈసారన్నా గెలిచినారా?" దీనికి జవాబు ఒక్క ముక్కలో ఉండాలి. "లేదు నాయనా, కానీ బాగా ఆడినారు." ఫస్ట్ డౌన్, రెడ్‌షర్ట్, టార్గెటింగ్ పెనాల్టీ అని మొదలుపెడితే ఆయన పేపర్ తీసి మొహానికి అడ్డం పెట్టుకుంటాడు. అవ్వ ఉంటే ఇంకా సులువు. "యాల కొట్టుకుంటాండారు వాళ్లు, ఎవురూ ఆపేటోళ్లు లేరా" అంటుంది. ఆ ప్రశ్నకి నా దగ్గర ఇప్పటికీ జవాబు లేదు.

బావతో మాత్రం కష్టం. ప్రతి ఇంట్లో ఒక బావ ఒహాయో స్టేట్‌లోనో, అలాంటి ఇంకో పెద్ద యూనివర్సిటీలోనో చదివుంటాడు, వాళ్లు 2024 సీజన్ జాతీయ ఛాంపియన్లు కూడా, ఇక ఆగుతాడా? ఫ్యామిలీ గ్రూప్‌లో మీ స్కోరు స్క్రీన్‌షాట్ పెట్టి నవ్వే బొమ్మలు వరసగా పెడతాడు. వాదించకండి, గెలవలేరు. ఆయనకంటే ముందే మీరే స్కోరు పెట్టేయండి, కింద ఇంకో మాట లేకుండా. ఆయన చెప్పేదానికి ఏమీ మిగలదు. మళ్లీ ఒహాయో స్టేట్ మిషిగన్ మీద ఓడిన రోజు ఫోన్ చేసి, స్కోరు ఊసెత్తకుండా ఆరోగ్యం ఎలా ఉందని అడగండి. 2021 నుంచి 2024 దాకా వరసగా నాలుగేళ్లు ఓడారు, ఇలాంటి అవకాశాలు వస్తూనే ఉంటాయి.

కొంతమంది అడుగుతారు, ఇంత బాధ ఎందుకు, ఒక సీజన్ చూడటం మానేస్తే పోదా అని. మానేయొచ్చు, తప్పేమీ లేదు. నెబ్రాస్కాలో 1962 నుంచి ఇప్పటిదాకా సొంత గ్రౌండ్‌లో ప్రతి మ్యాచ్‌కీ టికెట్లన్నీ అమ్ముడుపోతూనే ఉన్నాయి, ఆ 3-9 ఏడాదితో సహా, కానీ వాళ్లకి శనివారం స్టేడియానికి పోవడం అంటే చుట్టాల్ని కలవడం లాంటిది. మనం సుమారు పదమూడు వేల కిలోమీటర్ల అవతల ఒంటరిగా ఫోన్‌లో చూస్తున్నాం. మధ్యే మార్గం ఒకటుంది: మూడో కుప్పలోని ఐదారు మ్యాచ్‌లు మాత్రం చూడండి, మిగతావాటికి స్కోరు చాలు. వీలైతే మీలాంటివాణ్ని ఇంకొకణ్ని ఊళ్లోనే వెతుక్కోండి. వాడి టీమ్ వేరే అయినా ఫర్వాలేదు, అది కూడా ఓడిపోయే టీమ్ అయితే చాలు.

జనవరిలో భయపడొద్దు

డిసెంబర్ మొదటి వారంలో హైస్కూల్ కుర్రాళ్లు సంతకాలు పెడతారు, ఆ జాబితా చూసి ఎక్కువ పొంగిపోవద్దు, అందులో సగం మంది రెండేళ్లలో ఇంకో కాలేజీలో ఉండొచ్చు. అసలు కథ జనవరిలో. 2026లో పోర్టల్ జనవరి 2 నుంచి 16 దాకా తెరిచారు, సరిగ్గా మన సంక్రాంతి మీద పడింది. ఇంట్లో ఓళిగలు చేస్తుంటే మీ ఫోన్‌లో ఒక్కొక్కడే వెళ్లిపోతున్న వార్తలు వస్తుంటాయి. ఓడిన టీమ్ నుంచి ఇరవై ముప్ఫై పేర్లు పోవడం ఇప్పుడు మామూలే, గుండెలు బాదుకోకండి. మూడే చూడండి: ఆఫెన్సివ్ లైన్‌లో ఎంతమంది మిగిలారు, క్వార్టర్‌బ్యాక్ ఉన్నాడా, వచ్చేవాళ్లు ఇంతకుముందు నిజంగా మ్యాచ్‌లు ఆడినవాళ్లా లేక పెద్ద టీమ్‌లో బెంచ్ మీద కూర్చున్నవాళ్లా. చిన్న కాలేజీలో రెండేళ్లు ఆడి వచ్చినవాణ్ని, పెద్ద పేరుతో కూర్చుని వచ్చినవాడికంటే నేను ఎక్కువ నమ్ముతాను. అరిజోనా స్టేట్‌ని 2024లో మోసిన కామ్ స్కాటెబో అక్కడికి రాకముందు ఆడింది శాక్రమెంటో స్టేట్‌కి.

పోర్టల్ మూసిన తర్వాత ఒక వారం ఆగి, రోస్టర్ మళ్లీ ఒకసారి చదివి, ఆగస్టులో రాసిన కాగితం వెనకవైపు ఆ మూడింటికీ జవాబులు రాసి పెట్టుకోండి. కొత్త షెడ్యూల్ చేతికొచ్చినప్పుడు కుప్పలు చేయడానికి పనికొస్తాయి. అప్పటిదాకా ఐపీఎల్ చూసుకోండి, అక్కడ మీ టీమ్ ఏదో నేను అడగను.